ట్యాబు వద్దు, లాప్‌టాప్ ఇవ్వండి: జెడ్పీ హైస్కూళ్ల ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల ప్రణాళిక

మొన్న జిల్లా కేంద్రంలో డిజిటల్ విద్య మీద జరిగిన సమావేశానికి మమ్మల్ని పిలవలేదు. కంపెనీల ప్రతినిధులు వచ్చారు, కార్పొరేట్ కాలేజీల వాళ్లు వచ్చారు. మాటలన్నీ సర్కారు బడి పిల్లల గురించే, కానీ సర్కారు బడిలో పాఠం చెప్పేవాళ్లు ఆ హాల్లో ఒక్కరూ లేరు. మేమే వెళ్లి వినతిపత్రం ఇస్తే గుమ్మం దగ్గరే అందుకుని, ‘తొమ్మిదో తరగతి పిల్లలకు లాప్‌టాప్ ఎందుకు మాస్టారూ, సినిమాలు చూడ్డానికా?’ అన్నారు. ఆ మాట మా పిల్లలందరికీ తగిలింది. దాన్ని దిగమింగుకుని ఊరుకోదలచుకోలేదు.

వెనకటి సంగతులు తెలిసినవే. బూట్ పద్ధతిలో (కంపెనీయే పెట్టి, నడిపి, చివరకు బడికి అప్పగించేది) పెట్టిన కంప్యూటర్ ల్యాబులు, వాటికి పడ్డ తాళాలు, పాడైన యూపీఎస్‌లు, ఒప్పందం ముగియగానే రోడ్డున పడ్డ కంప్యూటర్ టీచర్లు. ఆ కథంతా మళ్లీ చెప్పం. 2021 సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఆ జనవరిలో, తల్లుల ఖాతాల్లో నగదు వేసే అమ్మ ఒడి పథకం నెల్లూరు సభలో, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివేవాళ్లు నగదు బదులు లాప్‌టాప్ కోరుకోవచ్చని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. కూలికి వెళ్లే తల్లులు చేతికొచ్చే డబ్బు వదులుకుని లాప్‌టాప్ దగ్గర టిక్కు పెట్టించారు. 2022లో లాప్‌టాప్ రాలేదు, నగదే పడింది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులు వచ్చాయి, ఒకే కంపెనీ పాఠాలు నింపుకుని. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణకు ఎక్కింది. ప్రభుత్వమూ మారింది. ఆ తల్లులకిచ్చిన మాటను ఇప్పుడెవరూ ఎత్తరు.

అందుకే మా డిమాండు ఒక్కటే. హైస్కూల్లో చదివే ప్రతి విద్యార్థికీ, ప్రతి విద్యార్థినికీ కీబోర్డు ఉన్న లాప్‌టాప్ ఇవ్వాలి. ట్యాబు చాలదంటున్నాం. ఎందుకో వినండి. ట్యాబులో పిల్ల పాఠం చూస్తుంది. లాప్‌టాప్ మీద రాస్తుంది, కొట్టేసి మళ్లీ రాస్తుంది, తన ఊరి వేరుశనగ ధరలు పట్టికలో వేసి గ్రాఫు గీస్తుంది, జియోజెబ్రాలో త్రిభుజం కోణాలు తిప్పి చూస్తుంది, స్క్రాచ్‌లో చిన్న ఆట తయారుచేస్తుంది. క్లాసులో డిజిటల్ ప్యానల్ ఉంది కదా అనేవాళ్లకు ఒకటే జవాబు: ప్యానల్ ముందు నిలబడేది టీచరు, నలభై మంది పిల్లల చేతులూ ఖాళీ. జేఈఈ మెయిన్ 2019 నుంచీ కంప్యూటర్ మీదే జరుగుతోంది. మౌస్ పట్టడం పరీక్ష హాల్లో నేర్చుకునే పిల్లవాడు ఎవరితో పోటీ పడాలి? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4 మాత్రమే. మా పిల్లలు మిగతా తొంభై అయిదు ఇళ్లవాళ్లు.

ఆ లాప్‌టాప్ ఇంటికి వెళ్లాలి. హెచ్‌ఎం గది బీరువాలో తాళం వేసి, తనిఖీ రోజున తీసేదైతే అసలు ఇవ్వకండి. అది పిల్ల పేరునే ఉండాలి. ఇంట్లో ఒక్క ఫోనుంటే అది నాన్న జేబులోనో అన్న జేబులోనో ఉంటుంది, ఆడపిల్ల చేతికి రాత్రి పదింటికి కూడా రాదు. ఇది ప్రతి టీచరుకూ తెలుసు.

పెరూ దేశం పేరెత్తి మా నోరు మూయిస్తున్నారు. నిజమే, అక్కడ పిల్లలకు లాప్‌టాప్‌లు పంచాక లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదని 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అధ్యయనం తేల్చింది. మేమూ ఆ మాటే అంటున్నాం: యంత్రం పంచి చేతులు దులుపుకుంటే చాలదు. కేరళను చూడండి. ఐటీ ఎట్ స్కూల్ పథకం నుంచి నేటి కైట్ సంస్థ దాకా టీచర్లకు శిక్షణ ఇస్తూ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, మలయాళంలో పని నడిపిస్తున్నారు. తమిళనాడు 2011 సెప్టెంబరు 15న తిరువళ్లూరు జిల్లాలో పంపిణీ మొదలుపెట్టి, ప్లస్ టూ పిల్లలకు లక్షల్లో ఇచ్చింది. తర్వాత అక్కడా ఆగింది, కానీ అందుకున్న పిల్లలు అందుకున్నారు. తడ దాటితే వచ్చే ఊళ్లవి. ఇవతల మనమెందుకు ఇవ్వలేకపోయాం?

మాకు కనబడే రేపు ఇది. ప్రతి ఊరి చరిత్ర ఆ ఊరి హైస్కూలు పిల్లలే తెలుగులో టైపు చేస్తారు. చేనేత నమూనా, చెరువు లెక్క, అమ్మమ్మ చెప్పిన కథ అన్నీ వాళ్ల ఫైళ్లలోకి ఎక్కుతాయి. తెలుగు వికీపీడియాలో నాలుగు ముక్కలతో ఆగిపోయిన ఊళ్ల పేజీలను వాళ్లే నింపుతారు. కంప్యూటర్‌కు తెలుగు నేర్పే తరం కస్తూర్బా బాలికా విద్యాలయాల వరండాల్లోంచి లేస్తుంది! పలకా బలపం అందరిదీ అయినట్టే కీబోర్డూ అందరిదీ కావాలి! చూసే చదువు చాలు, చేసే చదువు కావాలి! పిల్ల చేతికి యంత్రం, బడికి గౌరవం!

టెండరు షరతులు మేమే రాసి ఉంచాం. మూడేళ్ల వారంటీ. రిపేరు మండల కేంద్రంలోనే, వారం లోపు. తెలుగు అక్షరాలు అచ్చయిన కీబోర్డు. ఏ ఒక్క కంపెనీ పాఠాలకూ కట్టుబడని సాఫ్ట్‌వేర్. పంపిణీకి ముందు వేసవిలో టీచర్లకు శిక్షణ, ఆ రోజులకు సంపాదిత సెలవు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా, తనిఖీ చేసి తీసుకున్నట్టు ఏ హెచ్‌ఎమ్మూ సంతకం పెట్టరు.