పటం గీసే ముందు మనల్ని అడగాలి



వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో బతికిన వాళ్లకు భోంగా గురించి చెప్పనక్కరలేదు. పొద్దున ఏడు గంటల పాళీకి గిర్నీ భోంగా మోగితే ఊరంతా లేచేది. ఇవాళ ఆ భోంగా లేదు, ఆ గిర్నీ లేదు. గిర్నీ ఉన్నచోట అద్దాల మేడలు లేచాయి. వాటి గేటు ముందు వాచ్‌మన్ మనల్నే ఆపి "ఎవరు కావాలి?" అని అడుగుతున్నాడు. ఇరవై ఏళ్లు మన చెమట పడిన నేల మీద మనం ఎవరమో మనమే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇది ఎలా జరిగింది? యాజమాన్యాలు మోసం చేశాయి, ప్రభుత్వాలు వాళ్లకు తోడు నిలిచాయి అంటాం. అందులో అబద్ధం లేదు. కాని సగం నిజం ఇంకొకటి ఉంది. దాన్ని మన బులెటిన్‌లో మనమే రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు. ఈ ఊరి పటం మార్చేటప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. "మమ్మల్ని అడగండి" అని మనమూ గట్టిగా పట్టుబట్టలేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది గిర్నీ కార్మికులు సమ్మెలోకి దిగారు. ఆ సమ్మె తర్వాత గిర్నీలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ గిర్నీల కింద సుమారు 600 ఎకరాల భూమి ఉంది. అదీ ముంబయి నడిబొడ్డున, సముద్రానికి కూతవేటు దూరంలో. బట్ట కంటే భూమి ఖరీదైందని యజమానులకు అప్పటికే అర్థమైంది. మనకు అర్థం కావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

1991లో కొత్త అభివృద్ధి నియమావళి వచ్చింది. అందులో 58వ నియమం గిర్నీ భూములకు సంబంధించినది. పది హెక్టార్లు మించిన స్థలంలో 33 శాతం ఊరి మైదానాలకు, తోటలకు, 37 శాతం మ్హాడా ద్వారా జనం ఇళ్లకు, మిగిలిన 30 శాతం యజమానికి. చిన్న స్థలాలకు లెక్క కాస్త వేరు. జనం అందరి నోళ్లలో నానిన మాట మాత్రం ఒకటే: మూడు వంతుల్లో ఒక వంతు ఊరికి, ఒక వంతు ఇళ్లకు, ఒక వంతు యజమానికి. 1996లో ఛార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఎన్.టి.సి. గిర్నీల స్థలాలను ముక్కలుగా కాక కలిపి ఒకే పథకంగా చూడాలని ఆ కమిటీ చెప్పింది. ఆ నివేదిక అల్మారాలోనే ఉండిపోయింది.

2001లో నియమాన్ని సవరించారు. మార్చింది లెక్క ఒక్కటే. ఇదివరకు మొత్తం స్థలాన్ని పంచాలి. సవరణ తర్వాత షెడ్లు లేని ఖాళీ జాగాను మాత్రమే పంచితే చాలు. గిర్నీలో పని చేసిన వాడికి ఈ మాటలో ఉన్న కిటుకు వెంటనే తెలుస్తుంది. గిర్నీ అంటేనే షెడ్లు! రింగ్ ఖాతా, కార్డింగ్ ఖాతా, సాంచా ఖాతా, గోదాము తీసేస్తే మిగిలేది గేటు ముందు జాగా, చెట్టు కింద జాగా. ఊరి వాటా, ఇళ్ల వాటా అందులోంచే రావాలన్నమాట. పర్యావరణ సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. 2005లో బొంబాయి హైకోర్టు దానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. 2006 మార్చిలో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టేసి సవరణనే నిలబెట్టింది. ఆ మధ్యలోనే, 2005లో, ఐదు ఎన్.టి.సి. గిర్నీల స్థలాలు రెండు వేల కోట్ల రూపాయలకు పైగా అమ్ముడుపోయాయి.

ఆ రోజుల్లో మనం ఏం చేస్తున్నాం? నా సంగతే చెబుతాను. నేను పని చేసిన గిర్నీ మూతపడ్డప్పుడు నా బుర్రలో ఉన్నవి రెండే: పి.ఎఫ్. ఎప్పుడొస్తుంది, వి.ఆర్.ఎస్. ఎంత వస్తుంది. చెల్లెలి పెళ్లి ఉంది, ఊళ్లో అప్పు ఉంది. గిర్నీ భూమికి కొత్త పటం గీస్తున్నారని ఒక మరాఠీ కామ్రేడ్ చెబితే "అన్నా, మనది ఈ ఊరా ఏమన్నానా? నాలుగు పైసలొస్తే కరీంనగర్ పోతాం" అన్నాను. పోలేదు. పిల్లలు ఇక్కడే చదివారు, ఇక్కడే పనుల్లో చేరారు. మనవలకు తెలుగు మాట్లాడడం వస్తుంది, రాయడం రాదు. మనలో ఎంతమంది ఈ మాట అనలేదు, చెప్పండి! తాతల నాడు వచ్చి మూడు తరాలు బతికిన చోటును "మనది కాదు" అనుకోవడం వల్ల లాభపడింది మనం కాదు.

జనాన్ని అడగకుండా ఊరిని మారిస్తే ఏమవుతుందో తర్వాత చూశాం. గిర్నీ కూలీలు వాడిన స్టేషన్లే ఆ తర్వాత వేలాది ఆఫీసు ఉద్యోగులకూ దిక్కయ్యాయి. మేడలు పెరిగాయి కాని మెట్లు పెరగలేదు. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో ఉన్న హోటళ్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. ఆ వంతెన మీద రోజూ నడిచిన వాడిని ఒక్కసారి అడిగి ఉంటే అది ఎంత ఇరుకో చెప్పేవాడు కాదా?

ఇప్పుడు మన పొరుగువాళ్ల సంగతి చూద్దాం. వర్లీ కోలీవాడా మన చాళ్లకు దూరం కాదు. మనం చేపలు కొనేది ఆ మావశీల దగ్గరే. మెరైన్ డ్రైవ్ నుంచి వర్లీ దాకా సముద్రపు ఒడ్డున కోస్టల్ రోడ్డు తలపెట్టారు. 2019 జూలైలో హైకోర్టు దాని తీర ప్రాంత అనుమతులను రద్దు చేసింది, డిసెంబరులో సుప్రీం కోర్టు పని సాగనిచ్చింది. వర్లీ వైపు వంతెన స్తంభాలు కోలీల పడవలు వెళ్లే దారిలోనే వచ్చాయి. స్తంభాల మధ్య 60 మీటర్లు చాలని ఇంజనీర్ల లెక్క. అలలు లేచిన రోజున ఆ సందులోంచి పడవ తీయలేమని, 200 మీటర్లు కావాలని కోలీలు అన్నారు. ధర్నాలు చేశారు, పడవలతో వెళ్లి పని ఆపారు. చివరకు 2022 డిసెంబరులో ప్రభుత్వం ఒక చోట 120 మీటర్లకు ఒప్పుకుంది. ఒక స్తంభం తీసేసి డిజైన్ మార్చాల్సి వచ్చింది. రోడ్డు మొదటి భాగం 2024 మార్చిలో తెరిచారు.

కోలీలు అడిగింది 200, దొరికింది 120. పూర్తి విజయం అనలేం. అయినా గమనించాల్సింది ఉంది. "అందరినీ అడుగుతూ కూర్చుంటే పనులెప్పుడవుతాయి?" అని పెద్దలు తరచూ అంటారు. ఇక్కడ ఆలస్యం అడగడం వల్ల వచ్చిందా, అడగకపోవడం వల్ల వచ్చిందా? పని మొదలెట్టక ముందే ఆ ఒడ్డున కూర్చుని నలుగురు ముసలి కోలీలతో మాట్లాడి ఉంటే స్తంభం కాగితం మీదే జరిగేది. సాంచ నడిపిన వాళ్లకు ఇది తెలిసిన సంగతే. వార్పులో ఒక్క పోగు తప్పుగా ఎక్కితే మొదట్లోనే ఆపి సరిచేయాలి. తాను నేసి, మడత పెట్టి, ఫోల్డింగ్ ఖాతాకు పోయాక గీత కనబడితే ఎవడేం చేయగలడు?

"చదువు రాని వాళ్లకు పటాలేం అర్థమవుతాయి?" అనేది రెండో మాట. గళ్ల కాగితం మీద డిజైన్ చూసి డాబీ సాంచ మీద పువ్వు తీసిన చేతులు మనవి. ఒక రంగు ఒక రకం జాగాకు గుర్తు అని విడమరచి చెబితే ఊరి పటం మనకు అర్థం కాదా? అర్థం కానిది పటం కాదు, అది రాసిన ఇంగ్లీషు.

అడిగిన చోట, నిలదీసిన చోట ఫలితం కనబడుతోంది. ముంబయి కొత్త అభివృద్ధి పథకం ముసాయిదా 2015 ఫిబ్రవరిలో వచ్చింది. తప్పుల తడక అని జనం వేల సంఖ్యలో అభ్యంతరాలు రాశారు. ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి దాన్ని మళ్లీ తయారు చేయమన్నారు. 2016లో సవరించిన ముసాయిదా వచ్చింది, 2018లో ఆమోదం పొందింది. దాదర్‌లో చైత్యభూమి పక్కన, సముద్రపు ఒడ్డునే ఉన్న ఇందు మిల్లు స్థలం చూడండి. అది కూడా ఏదో టవరుకు పోయేదే. దళిత ప్రజానీకం ఏళ్ల తరబడి పట్టుబట్టింది, 2011 డిసెంబరులో లోపలికి వెళ్లి కూర్చుంది. ఇవాళ ఆ 12 ఎకరాల పైచిలుకు స్థలం అంబేడ్కర్ స్మారకానికి దక్కింది. వర్లీ బి.డి.డి. చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీల్లో ఉన్నవాళ్లకు ఉన్నచోటనే 500 చదరపు అడుగుల ఇళ్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. ఉన్న ఊళ్లోనే ఇల్లు ఇవ్వడం సాధ్యమేనని దీంతో తేలిపోయింది కదా?

మరి గిర్నీ కార్మికుల మాటేమిటి? 2012 లాటరీలో 6,925 ఇళ్లు పంచారు. దరఖాస్తులు పెట్టుకున్నది దాదాపు లక్షన్నర మంది. 2024లో ప్రభుత్వం కర్జత్ లైన్‌లో ఉన్న షేలు, వాంగణిలో ఇళ్లు చూపించింది. 2025 జూలైలో గిర్నీ కార్మికులు, వాళ్ల వారసులు ఆజాద్ మైదాన్‌కు వచ్చి "మా ఇల్లు ముంబయిలోనే" అన్నారు. ఆ మాట న్యాయమైనది. మోకాళ్లు అరిగిన డెబ్భై ఏళ్ల మనిషిని ఆసుపత్రికి, కొడుకు పనికి, చుట్టపక్కాలకు రెండు గంటల దూరం విసిరేయడం పునరావాసం అనిపించుకోదు.

కాని ఒక్క ఇంటి మాటతో మనం ఆగిపోకూడదు. ఎవరి దరఖాస్తు వాళ్లం పట్టుకుని ఎవరి అదృష్టం వాళ్లం చూసుకున్నంత కాలం మనం లాటరీ టిక్కెట్లు కొన్నవాళ్లమే అవుతాం, ఊరి మనుషులం కాము. ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ, మార్కెట్ ఎక్కడ, వానాకాలం నీళ్లు పోయే దారి ఎక్కడ, ఇవన్నీ ఒకే పటంలో ఉంటాయి. 2005 జూలై 26న ఒక్క రోజులో శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజు నడుం లోతు నీళ్లలో నడిచిన వాళ్లకు ఖాళీ మైదానం విలువ వేరే చెప్పాలా?

చట్టంలో మనకు తలుపు అసలే లేదనడం కూడా తప్పు. మహారాష్ట్రలో 1966 నగర ప్రణాళికా చట్టం ప్రకారం ముసాయిదా పథకాన్ని ప్రకటించి, అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. రాసినవాడు కోరితే పిలిచి వినాలి. పెద్ద ప్రాజెక్టులకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం బహిరంగ విచారణ జరపాలి, దానికి 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు వేయాలి, సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. తీర ప్రాంత పటాలను కూడా జనం ముందు పెట్టాలి. ఈ చివరి మాట యానాం, గంజాం, చెన్నై ఒడ్డున ఉన్న మన వాళ్లకూ వర్తిస్తుంది. తలుపుంది. అది ఎప్పుడు తెరుస్తారో, ఎన్నాళ్లు తెరిచి ఉంచుతారో మనకు తెలియడం లేదు, అంతే.

కాబట్టి మన కోరికలు ఇవి. ఒకటి, నోటీసు ఇంగ్లీషు పేపరు మూలన వేసి చేతులు దులుపుకోకుండా చాళ్ల గేట్ల మీద, కోలీవాడాలో, మార్కెట్లో మరాఠీలోను, మన పేటల్లో తెలుగులోను అంటించాలి. రెండు, విచారణలు ఆఫీసు వేళల్లో కాక పనిచేసే వాళ్లు రాగలిగే సాయంత్రాలు, ఆదివారాలు జరపాలి. మూడు, మన సూచన ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కారణం రాసివ్వాలి. నాలుగు, గిర్నీ భూముల్లో ఊరి వాటా, ఇళ్ల వాటా ఎంత వచ్చింది, ఎక్కడ ఉంది, ఇప్పుడు దాని మీద ఏముందో లెక్క బయట పెట్టాలి.

ప్రభుత్వాన్ని అడిగితే సరిపోదు, మనమూ చేయాల్సింది ఉంది. ప్రతి చాల్ నుంచి ఇద్దరు ముగ్గురు ముందుకు రండి. అందులో ఒక ఆడమనిషి తప్పక ఉండాలి. నీళ్ల పంపు, రేషన్ దుకాణం, పిల్లల బడి ఎక్కడుండాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. చదువుకున్న మన పిల్లలు పటం దింపి తెచ్చి సంఘం ఆఫీసు గోడకు అంటించి విడమరచి చెప్పాలి. కోలీల సభకు మనం వెళ్లాలి, మన సభకు వాళ్లను పిలవాలి. సముద్రం వాళ్లు చూసుకుంటారు, గిర్నీ మనం చూసుకుంటాం అనుకుంటే ఇద్దరికీ మిగిలేది గేటు బయటి జాగాయే.

వచ్చేసారి ఎవరైనా పటం చూపించి "నీ అభ్యంతరం ఏమిటి?" అని అడిగితే, నేను అన్నట్టు "మనది ఈ ఊరా?" అనకండి. పేరు రాయండి, చాల్ పేరు రాయండి, గిర్నీలో ఎన్నేళ్లు పనిచేశారో రాయండి, కింద సంతకం పెట్టండి. సంతకం రాకపోతే వేలిముద్ర వేయండి. దానికీ అంతే విలువ ఉంది.