ఆవిరి పడవలకు కట్టిన మెట్లు

భద్రాచలం వెళ్లినవాళ్లు పర్ణశాల చూడకుండా తిరిగిరారు. ఆ దారిలోనే ఉన్న దుమ్మగూడెంలో ఆగేవాళ్లు మాత్రం తక్కువే. నూటయాభై ఏళ్ల కిందట ఆవిరి పడవల్ని తూర్పు కనుమలు దాటించి నాగపూర్ వైపు పంపాలని పెద్ద ప్రయత్నం జరిగింది అక్కడే!

ఆ ఆలోచన 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరది. విదర్భ పత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా వచ్చి, పాపికొండలు దాటి సముద్రం చేరాలని ఆయన కల. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరవవడంతో ఆ కలకు బలం వచ్చింది. పనుల బాధ్యత హేగ్ అనే ఇంజినీరుది.

అయితే గోదారి అంత తేలిగ్గా లొంగుతుందా? వానాకాలంలో సుడులు, వేసవిలో ఇసుక తిన్నెలు. ఇలాంటి నదికి సముద్రపు ఓడ పనికిరాదు. అడుగు చదునుగా ఉండి, మోకాలి లోతు పైబడిన నీళ్లలోనూ తేలే పడవ కావాలి. బాయిలర్‌లో కట్టెలో బొగ్గో మండితే పుట్టే ఆవిరి ముషలకాన్ని ముందుకీ వెనక్కీ నెడుతుంది. ఆ కదలిక తెడ్ల చక్రాన్ని తిప్పుతుంది.

ఇక రాతి బండలున్న చోట్లు మూడు... దుమ్మగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ చక్రాలూ చాలవు. అందుకే కాలువ, లాకులు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేస్తారు. తూముల్లోంచి నీళ్లు వదులుతారు. నీటితోపాటే పడవా లేస్తుంది. మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరిస్తే సరి. మోటారు లేదు, పంపు లేదు. నీటికి నీరే మెట్టు!

కానీ మన్యం జ్వరాలు పనివాళ్లను పట్టి పీడించాయి. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం పథకాన్నే వదిలేసింది.

ఆనాటి పడవలు ఇప్పుడు లేవు. కోల్‌కతాలో 1940ల నాటి తెడ్ల చక్రాల ఓడ ‘భోపాల్’ను తుక్కుకు పోకుండా బాగుచేయించారు. మనకు ఆ భాగ్యం దక్కలేదు. మిగిలింది దుమ్మగూడెం ఆనకట్టే. దాని దిగువనే సీతమ్మసాగర్ బ్యారేజీ తలపెట్టారు. కిందేమో పోలవరం నీరు పాపికొండల పల్లెల్ని ముంచేది. కొత్త నీళ్లు కావాల్సిందే. ఆ నీటిలో పాత రాళ్ల కథ కూడా మునిగిపోకుండా, కనీసం కొలతలు, ఫొటోలు తీసి దాచుకుంటే మన పిల్లలకు చూపించడానికి ఏదో ఒకటి మిగులుతుంది.