పెద్దకూర: ఒక్క మాటలో అణగిన పదసంపద

ఎద్దు కాడి మోసినంతకాలం తెలుగు భాషాపరిశోధన దాని వెంట నడిచింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయానిది. 1971 నాటి రెండో సంపుటం చేనేతది. నాగలి భాగాలకు ప్రాంతాలవారీగా పేర్లు సేకరించిన ఈ శాస్త్రం, పశువు కత్తి కిందికి చేరగానే చూపు తిప్పుకుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ‘పెద్దకూర’ అనే ఒక్క మాట వెనుక ఉన్న శరీరజ్ఞానం ఈ పక్షపాతానికి బలైంది.

వాణిజ్య కోతలకు ఆంగ్లనామాలున్నాయి, అవే శాస్త్రీయం అనే వాదం నిలవదు. అమెరికన్లు సర్లాయిన్ అనే భాగాన్ని బ్రిటిష్‌వారు రంప్ అంటారు. ప్రకృతి ఇచ్చింది పదమూడు జతల పక్కటెముకలు, నాలుగు గదుల కడుపు, కండరాలు మాత్రమే. కత్తి ఎక్కడ పడాలో నిర్ణయించేది సమాజం. భారత ఎగుమతి విధానం ఎముక తీసిన గేదె మాంసాన్నే అనుమతిస్తుంది గనుక టాప్‌సైడ్, సిల్వర్‌సైడ్ వంటి విభాగాలు ఆ వ్యాపారానికి సరిపోతాయి. అవి ఊరి కోతకు కొలమానాలు కావు.

ఊరి కోతకు మూలసూత్రం పోగు. మెత్తటి కూర, బొక్క, కొవ్వు, కార్జం, బోటి ప్రతి పోగులోనూ తలా కొంత పడాలి. వాణిజ్య వర్గీకరణ ధరను బట్టి భాగాలను విడదీస్తే, పోగు న్యాయాన్ని బట్టి వాటిని కలుపుతుంది. వెన్ను కింది కండకు శ్రమ తక్కువ, అందుకే అది మెత్తన. బరువు మోసే రొమ్ముకండలో బంధక కణజాలం ఎక్కువ, అది నిదానంగా ఉడికితేనే కరుగుతుంది. కొవ్వు చెడిపోతుంది గనుక ఎండబెట్టే తునకలకు కొవ్వులేని కండే కావాలి. వండే చేతులకు తెలిసిన ఈ భేదాలు శరీరశాస్త్రమే. పట్టణపు దుకాణాల్లో సీనా, దస్తీ, రాన్, నల్లీ అనే ఉర్దూ పదాలు ఇదే జ్ఞానానికి మరో పొర.

పశువు పేరులోనూ కచ్చితత్వం అవసరం. 1977 నాటి చట్టం గోవధను నిషేధించి, ధ్రువపత్రంతో ఎద్దులు, గేదెల వధను అనుమతించింది. ‘గొడ్డుమాంసం’ అని ఒకే గాటన కట్టే రచన ఈ తేడాను చెరిపేస్తుంది. వృత్తినామమైన ‘కసాయి’ని క్రూరత్వానికి పర్యాయపదం చేసిన భాష, ఆ వృత్తి నుంచి పదాలు సేకరించడానికి జంకడం వింత కాదు.

తప్పు ఒక పక్షానిదే కాదు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన బీఫ్ ఫెస్టివల్ తర్వాత పెద్దకూర సాహిత్యచర్చలో ఆత్మగౌరవ ప్రతీకగా స్థిరపడింది. ఆ ప్రతీక న్యాయమైనదే. అయితే ప్రతీక దగ్గరే ఆగిన విమర్శ కూడా పశువును ఒకే మాటగా చూస్తుంది. ఏ భాగం ఎవరి వాటా, ఎవరు కోశారు, ఎవరు ఎండబెట్టారు అని అడగదు. కామధేనువును కోసి వండిన కథను జాంబపురాణం మోసుకొచ్చింది. ఆ ఘట్టాన్ని కులోత్పత్తి కథగా చదివే పరిశోధన, అందులోని కోతను వృత్తిజ్ఞానంగా కూడా చదవాలి.

కనుక తెలుగు శాఖల ముందున్న పని స్పష్టం. కరీంనగర్, ఆదిలాబాద్ మాదిగ, మాల వాడల్లోనూ కసాయి దుకాణాల్లోనూ, కోసేవారి, వండేవారి నోటి నుంచి భాగాల పేర్లు, కోత క్రమం, పంపక నియమాలు సేకరించి కోతవృత్తికీ ఒక పదకోశం కూర్చాలి. ఎముక తీసి పొట్లం కట్టిన మాంసం అలవాటయ్యే కొద్దీ బొక్క పేరు, దాని వాటా పేరు ముందుగా మాయమవుతాయి. నాగలికి దక్కిన గౌరవం కత్తికి దక్కనంతవరకు తెలుగు వృత్తిపదకోశం అసంపూర్ణమే.