మార్కుల కాగితం ఎక్కడికి పంపాలి?

తమకలోని శ్రీ దేవరాజ అరసు వైద్య కళాశాల మన ముంగిటిలోనే ఉన్నది. నీట్ మార్కుల కాగితం అక్కడ ఇచ్చివస్తే చాలుననుకునే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే: చాలదు.

అది డీమ్డ్ విశ్వవిద్యాలయానికి చెందినది. 2017 నుండి అటువంటి కళాశాలల ఎం.బి.బి.ఎస్. సీట్లను ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీయే కేటాయిస్తున్నది. గడువులోగా అక్కడ పేరు నమోదు చేసుకొని, కోరిన కళాశాలలను వరుసగా చూపవలెను. 2024లో ఇందుకు రుసుము 5,000, ధరావతు 2,00,000 రూపాయలు. అంత సొమ్ము ముందే సమకూర్చుకొనవలెను గదా! రాష్ట్ర కోటా సీట్లకు కర్ణాటక పరీక్షా ప్రాధికారం వద్ద నమోదు వేరు.

వేళకు సరియైన బల్ల చేరని కాగితం ఎంత మంచిదైనా లేనట్లేనని మా గుమాస్తాలకు తెలుసు. పిల్లలు రాత్రులు మేల్కొని చదివారు; గడువు తేదీలైనా పెద్దలు గోడ పంచాంగం మీద గుర్తు పెట్టుకోవద్దా?