టెల్కో కాలనీకి ఒక చరిత్ర మండలి కావాలి

బహిరంగ లేఖ

టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ కర్మాగార యాజమాన్యానికి,
జంషెడ్‌పూర్ తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

మాన్యులారా,

టెల్కో కాలనీలో ఒక స్థానిక చరిత్ర మండలిని, దాని నిర్వహణలో ఒక చిన్న మ్యూజియాన్ని స్థాపించవలసిన అవసరాన్ని యాజమాన్యం వారి దృష్టికి, తెలుగు సంఘాల పెద్దల దృష్టికి తీసుకురావడం ఈ లేఖ ఉద్దేశం. స్థానిక చరిత్ర మండలి అంటే, ఒక ఊరిలో లేదా పేటలో నివసించేవారే జీతభత్యాలు లేకుండా సభ్యులై, ఆ చోటుకు సంబంధించిన కాగితాలను, వస్తువులను, జ్ఞాపకాలను సేకరించి, వివరాలు నమోదు చేసి, అందరికీ అందుబాటులో ఉంచే సంఘం.

సాక్చి గ్రామం వద్ద నెలకొన్న ఉక్కు కర్మాగారం 1912లో ఉత్పత్తి ప్రారంభించగా, 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. 1945లో ఏర్పడిన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ, అనగా టెల్కో, మొదట రైల్వేలకు ఆవిరి ఇంజన్లు తయారుచేసి, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీల తయారీలో ప్రవేశించింది. 2003లో సంస్థ టాటా మోటార్స్‌గా మారినా కాలనీని జనం నేటికీ టెల్కో అనే పిలుస్తున్నారు. ఒప్పందాలు, ఉత్పత్తి లెక్కలు సంస్థల రికార్డులలో నిలుస్తాయి. టాటా స్టీల్ తన పాత రికార్డుల కోసం ఈ నగరంలోనే ప్రత్యేకంగా ఆర్కైవ్స్‌ను నిర్వహిస్తున్నది. అయితే బాయిలరు పని నేర్చిన చేతులు లారీ పనికి ఎట్లా అలవాటుపడినదీ, వాల్తేరు నుండి ఖరగ్‌పూర్ మీదుగా బెంగాల్ నాగపూర్ రైలు మార్గాన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి ఎట్లా చేరి స్థిరపడినదీ తెలిపే ఆధారాలు ఎక్కువగా ఇళ్లలోనే ఉన్నాయి.

ఆ ఇళ్లు వారి సొంతం కాకపోవడమే కార్మిక నగరానికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు. పాత ఊళ్లలో తాతల నాటి దస్తావేజులు, ఉత్తరాలు అటకమీదనో భోషాణంలోనో తరాలపాటు ఉండిపోతాయి. కంపెనీ క్వార్టరులో ఉన్న కుటుంబం ఉద్యోగ విరమణతో ఇల్లు ఖాళీ చేయవలసి ఉంటుంది కనుక, సామాను సర్దే ఆ కొద్ది రోజులలోనే ఏది వెంట తీసుకుపోవాలో, ఏది పాత కాగితాల వ్యాపారికి వేయాలో తేలిపోతుంది. అప్రెంటిస్ ధ్రువపత్రాలు, గేటు పాసులు, జీతపు చీటీలు, సొంతూరికి పంపిన మనియార్డరు రసీదులు, యూనియన్ కరపత్రాలు, ఉగాది నాటకాల పాత్రధారుల పట్టికలు మొదట పోయేది అప్పుడే.

ఇటువంటి ప్రయత్నానికి తెలుగునాట ఆదర్శం లేకపోలేదు. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏండ్లు నిండిన 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. న్యాయవాది భావరాజు వేంకట కృష్ణారావు, ‘ఆంధ్రుల చరిత్రము’ రచించిన చిలుకూరి వీరభద్రరావు, రాళ్లబండి సుబ్బారావు వంటి వారి కృషితో అది శాసనాలను పరిష్కరించి, పరిశోధన పత్రికను నడిపి, కళింగ సంచిక, కాకతీయ సంచిక వంటి ప్రత్యేక సంపుటాలను వెలువరించింది. సుబ్బారావు పేరుతో నేడు ఆ నగరంలో ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. ఆ మండలివారికి రాజుల శాసనాలు ఎంతటి ఆధారాలో, కార్మికుల పేటకు జీతపు చీటీలు అంతటి ఆధారాలు. స్వీడన్ రచయిత స్వెన్ లిండ్‌క్విస్ట్ కూడా 1978లో వెలువడిన తన గ్రంథంలో, తాము పనిచేసే చోటు చరిత్రను కార్మికులే పరిశోధించాలని ప్రబోధించి, అందుకు మార్గాలు చూపాడు.

మ్యూజియానికి పెద్ద భవనంకన్నా ముందు కావలసినవి మూడు. మొదటిది నమోదు పుస్తకం: వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, అది ఎవరిది, ఎక్కడిది, ఎప్పుడు చేరింది అన్న వివరాలు అందులో రాయాలి. రెండవది దానపత్రం: వస్తువును శాశ్వతంగా ఇస్తున్నారో, నకలు తీసుకోనిచ్చి తిరిగి తీసుకుంటారో, ఎవరికి చూపవచ్చునో దానిలో స్పష్టంగా ఉండాలి. మూడవది మౌఖిక చరిత్ర, అనగా వృద్ధుల అనుభవాలను వారి అనుమతితో రికార్డు చేసి, తేదీతో, పేరుతో భద్రపరిచే పద్ధతి. కాగితం పోయినా ఫొటోతో కొంత నిలుస్తుంది. పనిముట్టు పట్టే తీరు చెప్పగలిగిన మనిషి పోతే దానికి నకలు లేదు. ఈ సేకరణ తెలుగువారితో ఆగకూడదు. కర్మాగారాలకు ముందునుండి ఈ నేలమీద ఉన్న హో, సంతాల్ ప్రజలకూ, పక్కపక్క క్వార్టర్లలో బతికిన బెంగాలీ, ఒడియా, బీహారీ కుటుంబాలకూ అందులో సమాన స్థానం ఉన్నప్పుడే అది కాలనీ మ్యూజియం అవుతుంది.

కనుక తెలుగు సంఘాల పెద్దలు ఇతర భాషా సంఘాలను కలుపుకుని మండలిని ఏర్పాటు చేయాలి; 1860 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం అందుకు ఏడుగురు సభ్యులు చాలు. యాజమాన్యం వారు వాడుకలో లేని ఒక క్వార్టరును, లేదా వాన తేమ చేరని ఒక గదిని మండలికి కేటాయించి, పదవీ విరమణ పత్రాలతోపాటు ప్రతి ఉద్యోగికీ ఒక విన్నపం అందజేయాలి: ఇల్లు ఖాళీ చేసేముందు పాత కాగితాలను ఒకసారి మండలికి చూపవలసిందని. టెల్కో తొలినాళ్లను కళ్లారా చూసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు గనుక, భవనం కోసం ఎదురుచూడకుండా నమోదు పుస్తకంలో మొదటి సంఖ్యను ఈ సంవత్సరమే వేయించవలసిందిగా ఉభయులకూ సవినయ మనవి.

ఇట్లు,
టెల్కో కాలనీ తెలుగు నివాసి