సంగటిని బోనెక్కించకండి

మన భాషలో ‘గజ్జికుక్క’ అన్నది రోగం పేరు కాదు, తిట్టు. రోగం తిట్టుగా మారినచోట వైద్యానికి తావుండదు. బొచ్చు రాలి, చర్మం నల్లబారి, చెవుల్లో చీము కారే కుక్కను రాత్రిపూట హంద్రీ ఒడ్డునో ఊరిబయట బైపాసు పక్కనో వదలివచ్చేవారికి ఆ మాటే సమర్థన. నిన్నటిదాకా ముద్దుపేరుతో పిలిచిన జీవి నేడు గజ్జికుక్క అయిపోతుంది. ఈ టపా ఆ కుక్క పక్షాన వకాల్తా. దానితోపాటు అన్యాయంగా బోనెక్కిన మరొక ముద్దాయి పక్షాన కూడా. ఆ ముద్దాయి పేరు సంగటి.

కర్నూలులో గానీ కడపలో గానీ “మా కుక్క ఒకటే గోక్కుంటోంది” అని చెప్పి చూడండి. “ఇంకా సంగటి పెడుతున్నారా? కుక్క తోడేలు సంతతి. ధాన్యం దానికి పడదు. ధాన్యరహితమని రాసివున్న సంచి కొనండి” అన్న తీర్పు క్షణంలో వెలువడుతుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే మురిసిపోయి, రాగిపిండిని అట్టపెట్టెలో అచ్చువేయించుకుని కొన్నవాళ్ళమే మనం. అదే రాగి కుక్క పళ్ళెంలోకి వచ్చేసరికి విషమైపోయింది!

తోడేలు వాదాన్ని ముందు పరిశీలిద్దాం. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల, తోడేళ్ళ జన్యువులను పోల్చి 2013లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో 2 ఉంటే, వారు చూసిన కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పంచన చేరి, మనిషి తిండి తిని కుక్క కుక్క అయింది. తోడేలు కడుపును తెచ్చి దానికి అంటగట్టడం శాస్త్రం కాదు, సంచి అమ్ముకునేవాడి కవిత్వం.

ఇక అలర్జీ సంగతి. 297 అలర్జీ కుక్కల వివరాలు క్రోడీకరించిన 2016 నాటి సమీక్షలో గొడ్డుమాంసం పడనివి నూటికి 34, పాల పదార్థాలు పడనివి 17, కోడిమాంసం పడనివి 15, గోధుమ పడనివి 13. ధాన్యాల్లో గోధుమకు చోటుంది, నిజమే. కానీ మొదటి మూడు స్థానాలూ జంతు మాంసకృత్తులవి. ధాన్యం మాన్పించి కోడిమాంసం సంచి కొన్నవారు నిందితుణ్ణి వదిలి సాక్షిని జైల్లో పెట్టినట్టే.

అయితే ఆ జాబితాలో రాగి లేదు గనుక రాగి నిర్దోషి అని నేను వాదించబోను. ఆ కుక్కలు ఐరోపా, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికాలవి. అవి సంగటి ముఖం చూసి ఉండవు. తినని తిండికి అలర్జీ రాదు గదా! అసలు కీలకం ఇక్కడే ఉంది. అలర్జీ అన్నది తిండి గుణం కాదు, ఆ తిండితో ఆ కుక్కకున్న చరిత్ర. శరీరం ఒక మాంసకృత్తును ఎరిగి ఉండి, దాన్ని శత్రువుగా ముద్ర వేసుకున్న తరవాతే అలర్జీ పుడుతుంది.

పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు కుక్కల తిండిలో గొర్రెమాంసం అరుదు. కనుక అలర్జీ పరీక్షకు దాన్ని ఎంచుకున్నారు. అది చూసి కంపెనీలు ‘గొర్రెమాంసం, బియ్యం’ అని సంచుల మీద అచ్చువేసి, అలర్జీ రాని తిండిగా అమ్మాయి. కుక్కలన్నీ తినసాగాక గొర్రెమాంసం పడని కుక్కలూ బయలుదేరాయి. ఇక ఆదివారం ఆదివారం పొట్టేలు ఎముక కొరికే ఆదోని కుక్కకు ఆ సంచి ఏ విధంగా కొత్త?

ధాన్యం తీసేసినచోట ఆ సంచుల్లో బఠానీ, పప్పులు, బంగాళాదుంప చేరతాయి. ఇలాంటి ఆహారం తిన్న కుక్కల్లో గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు కనిపిస్తున్నదని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018 జులైలో హెచ్చరించింది. కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. 2022 డిసెంబరులో, కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప మళ్ళీ ప్రకటనలు చేయబోమని చెప్పింది. రుజువు కాలేదు గనుక నేనూ భయపెట్టను. కానీ ‘ధాన్యరహితం’ అన్న మాటకు ‘నిరపాయం’ అని అర్థం చెప్పేవారిని మాత్రం నిలదీస్తాను.

అసలు తిండి దాకా వెళ్ళేముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఏ జబ్బుతోనైనా సరే, వైద్యుని దగ్గరికి వచ్చే కుక్కల్లో ఆహార అలర్జీ ఉన్నవి నూటికి ఒకటి రెండేనని 2017 నాటి మరొక సమీక్ష తేల్చింది. దురద కుక్కలను మాత్రమే లెక్కిస్తే ఆ వంతు పెరుగుతుంది. ఐనా మన ఎండల్లో ముందుగా అనుమానించవలసినవి పిడుదులు, కుక్కపేలు, కంటికి కనపడని గజ్జి పురుగులు. కుక్కపిడుదుకు వేడి మహా ఇష్టం. గోడ నెర్రెల్లో, కడప బండల సందుల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి ఆ సందులు వదిలేస్తే నెల తిరక్కుండా కథ మొదటికొస్తుంది. నడుము చివర, తోక మొదట్లో బొచ్చు పోతే పేలను చూడండి. ఏడాది పొడుగునా చెవులు, పాదాలు, పొట్ట, ఆసనం చుట్టూ దురద ఉండి, తరచు విరేచనాలు కూడా అవుతుంటే అప్పుడు తిండిని అనుమానించండి.

అనుమానం వచ్చాక మనవాళ్ళు తొక్కే దారులు మూడు. మొదటిది, “ఒక సూది వేయించండి”. స్టిరాయిడ్ సూదితో దురద ఆగుతుంది, కారణం ఆగదు. వైద్యుడు కారణం వెదుకుతూ కొద్దిరోజులు వాడితే అది చికిత్స. కారణం వెదక్కుండా నెలనెలా పొడిపిస్తే కుక్క దాహంతో, ఆకలితో ఒళ్ళు పెంచుకుంటుంది, చర్మం పలచబడుతుంది. రెండవది, మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చి పూసే కాలిన ఇంజనాయిలు. కుక్క తన ఒళ్ళు తాను నాక్కుంటుందని తెలిసీ దాని ఒంటికి విషం పూయడాన్ని వైద్యమంటామా? మూడవది చదువుకున్నవారి దారి: వెంట్రుకో లాలాజలమో పంపి అలర్జీల జాబితా తెప్పించుకోవడం. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో అటువంటి పరీక్షకు కృత్రిమ బొచ్చు, ఉప్పునీరు పంపినా అలర్జీల జాబితా వచ్చింది!

నమ్మదగిన దారి ఒక్కటే. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. ఆ కుక్క ఇంతవరకు ఏమేం తిన్నదో పూర్తిగా రాయండి. జీవితంలో ఎన్నడూ తినని మాంసం ఒకటి, ధాన్యం ఒకటి ఎంచుకోండి. కోడిమాంసం, పెరుగన్నం తిని పెరిగినదైతే పొట్టేలు మాంసం, కొర్రన్నం. పొట్టేలు మరిగినదైతే ముళ్ళు తీసిన చేప, సజ్జ. కోడి పడని కుక్కకు కౌజుపిట్ట పడుతుందన్న భరోసా లేదు, పక్షులకు పక్షులతో పోలిక ఉంటుంది. ఉప్పు, కారం వద్దు. కర్నూలు ఉల్లి మనకెంత ప్రీతిపాత్రమైనా కుక్క నెత్తురుకు విషం, అదీ, వెల్లుల్లీ ససేమిరా వద్దు. ఉడికిన ఎముకలు వద్దు. ఇలా 8 వారాలు. ఆహార అలర్జీ ఉన్న కుక్కల్లో నూటికి 90కి పైగా ఈ గడువులో తెరిపిన పడతాయి. రెండు వారాలకే “లాభం లేదు” అని వదిలేసేవారు పరీక్ష రాయకుండా ఫలితం చెప్పేవారు.

ఈ పరీక్ష తప్పేది వంటింట్లో కాదు, వాకిట్లో. అవ్వ జాలిపడి వేసే గ్లూకోజు బిస్కెట్టులో గోధుమా ఉంది, పాలూ ఉన్నాయి. బక్రీదుకు పక్కింటివారు ప్రేమతో ఇచ్చే ఎముక, మజ్జిగ చెంబు కడిగిన నీళ్ళు, మాంసం రుచి కలిపిన మాత్ర, ఏదైనా చాలు ఎనిమిది వారాలు నీళ్ళపాలు కావడానికి. తెరిపిన పడ్డాక పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. దురద సాధారణంగా రెండు వారాల లోపే తిరిగొస్తుంది. రాకపోతే తిండి నిర్దోషి. వస్తే ఒక్కొక్క పదార్థమే విడివిడిగా పెట్టి దోషిని పట్టుకోవాలి. అది రాగే అయితే అప్పుడు మానండి. నాకేమీ అభ్యంతరం లేదు.

సంచులన్నీ మోసమని కూడా అనను. మాంసకృత్తును అతిచిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన వైద్యాహారం ఉంది. మాంసం వండని ఇళ్ళకు, అన్నీ తినేసిన కుక్కలకు అది సరైన మార్గం, ఖరీదైనదే ఐనా. ఈ మాంసం, కొర్రన్నం కూడా పరీక్ష కోసమే, ఎదిగిన కుక్కకే. కూనలకు ఇలా సొంతంగా చేయరాదు. ఏళ్ళ తరబడి ఇంటివంటే పెట్టదలిస్తే కాల్షియం మొదలైనవి లెక్కగట్టి కలపాలి. రాగిలో కాల్షియం మెండు గానీ అదొక్కటే చాలదు. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి. సంచి అమ్మేవాడిని అడిగే ప్రశ్న అక్కడ అడగవచ్చు గదా!

విభేదించే మిత్రులు నిరభ్యంతరంగా విభేదించండి. ఒక్కటే కోరుతున్నాను. కుక్కను ఊరిబయట దింపేముందు దానికి 8 వారాలు ఇవ్వండి. మన ఇంట్లో అది కాపలా కాసిన రాత్రుల లెక్క తీస్తే, అది మనకు అప్పుపడ్డ గడువేమీ కాదు.