మంచు ఎవరి పొగకు కరిగింది?

ఎండలు మండే దేశాల్లో కూడా మంచుకొండలున్నాయి. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా, ఈక్వడార్, ఆఫ్రికాలో టాంజానియా - అన్నీ భూమధ్యరేఖకు దగ్గరి దేశాలే. కొండల ఎత్తు వల్ల అక్కడ వేల యేళ్లుగా మంచు నిలబడింది. అలాంటి మంచులో దాదాపు 70 శాతం ఒక్క పెరూలోనే వుంది. గత ఆరు దశాబ్దాల్లో ఆ దేశం తన మంచులో సగానికి పైగా పోగొట్టుకుంది. బొలీవియాలో చకల్తాయా కొండ మీది మంచు 2009 నాటికి ఆనవాలు లేకుండా పోయింది. కిలిమంజారో మీద 1912లో వున్న మంచులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇప్పుడు లేదు.

ఎక్కడో మంచు కరిగితే మనకేంటి అంటారా? అక్కడి కెచువా, ఐమారా రైతులకు ఆ మంచే బతుకు. మే నుంచి సెప్టెంబరు దాకా వాళ్లకు వానలు బాగా తక్కువ. ఆ నెలల్లో పైన మంచు కొంచెం కొంచెం కరిగి వాగులోకి దిగితేనే ఆలుగడ్డ చేనుకు తడి, గొడ్డుకు గుక్కెడు నీళ్లు. వానాకాలం నిండి ఎండాకాలం తూము వదిలే చెరువు లాంటిదన్నమాట. చెరువే పోయాక తూము దగ్గర కాపలా కాసి ఏం లాభం?

ఇందులో ఇంకో మోసం వుంది. మంచు జోరుగా కరిగే మొదటి రోజుల్లో వాగు నిండుగా పారుతుంది. కాలం బాగుందనిపిస్తుంది. ఆ తర్వాత ఏటేటా తగ్గుతుంది. పెరూలో శాంతా నదిలో కలిసే చాలా వాగులు ఇప్పటికే ఈ తగ్గే దశలో పడ్డాయని పరిశోధకులు తేల్చారు. మంచు తప్పుకున్న చోట బయటపడ్డ రాళ్లలోని లోహాలు కలిసి కొన్ని వాగులు ఎర్రబారాయి. ఆ నీళ్లు తాగటానికీ పనికిరావు.

నీళ్లు లేక ఒక కష్టం, ఎక్కువై ఇంకో కష్టం. వరాస్ పట్టణం పైన పాల్కకోచా అనే కొండ సరస్సు వుంది. 1941లో దాని గట్టు తెగి వేలాది మంది చచ్చిపోయారు. మంచు కరిగిన నీళ్లతో ఆ సరస్సు 1970ల నాటికంటే 30 రెట్లకు పైగా పెరిగింది. దాని కింద బతుకుతున్న ఒక రైతు, సౌల్ లూసియానో లియూయా, 2015లో జర్మనీ కోర్టుకెక్కాడు. ఆర్‌డబ్ల్యూఈ అనే కరెంటు కంపెనీ మీద కేసు పెట్టాడు. ఆ కంపెనీ పెరూలో ఒక్క పొయ్యి వెలిగించలేదు. కానీ పరిశ్రమల కాలం మొదలైనప్పటి నుంచి లోకం వదిలిన పొగలో దాని వాటా 0.47 శాతం అని లెక్క. వరద కాపుదల ఖర్చులో నాకూ అంతే వాటా ఇవ్వు అన్నాడు. దానం అడగలేదు, బాకీ అడిగాడు.

2025 మేలో హామ్ పట్టణంలోని పైకోర్టు కేసు కొట్టేసింది. అతని ఇంటికి వరద ముప్పు తగినంత లేదంది. కానీ అదే తీర్పులో, పెద్ద ఎత్తున పొగ వదిలే కంపెనీ ఎంత దూరాన వున్నా, జరిగే నష్టానికి జవాబుదారీ కావచ్చని ఒప్పుకుంది. ఒక రైతు పదేళ్లు పట్టుబడితే ఆ మాట పుట్టింది. ఇక ముందు కేసు వేసేవాళ్లకు అది ఆధారం.

పొగ వదిలినోడు ఒకడు, దాహంతో చచ్చేవాడు ఇంకొకడు. వేడెక్కిన ఆ గాలే మన నెత్తిమీద కూడా వుంది. మే ఎండలో ఉపాధి పనికి పోయే కూలీకి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ సంగతి మీటింగుల్లో, బడుల్లో చదివి వినిపించండి. వడదెబ్బ తగిలినా, పంట ఎండినా దేవుడి మీదికి, తలరాత మీదికి నెట్టి ఊరుకోవద్దు. ఎవరి పొగ, ఎంత వాటా అని అడగటం నేర్చుకుందాం. ఆ కొండల రైతు అడిగాడు. మనమూ అడగాలి.